డోర్నకల్లు సీమలో కోతపండుగ

యాత్రావిషయములు వ్రాయువారు సాధారణముగా కాశీ రామేశ్వరములను, కాశ్మీరపు కొండలను, సముద్రతీరములను వర్ణించుచుందురు. నేను వ్రాయబోవునది అంతటి గొప్ప యాత్ర కాదు. విజయవాడనుండి ప్యాసింజరు బండిలో మూడు నాలుగు గంటలు కూర్చున్నచో చేరదగిన డోర్నకల్లును గూర్చియు, దానికి సమీపముననున్న యొక చిన్న పల్లెలో గత మాఘమాసమున మేము చూచిన కోతపండుగను గూర్చియు మాత్రమే వ్రాయుదును. ఇది వ్రాయుటకు నాకు కొంత సిగ్గుగా నున్నది. ఏలయన, ఆ పండుగకు పోవునాటికి మా యింటి పిడికెటి బియ్యపు డబ్బా కొన్ని మాసములనుండి బోర్లించి యుండెను.

ఈ డబ్బా సంగతి క్రైస్తవ కుటుంబముల సోదరీమణులకు చెప్పనక్కఱలేదు, తక్కినవారికొఱకు చెప్పెదను. వంటకు బియ్యము కొలిచి చేటలో పోసికొన్న పిమ్మట, కడుగుటకు ముందుగా, ఒక పిడికెడు తీసి వేఱొక డబ్బాలో వేయుదుము. పూటకొక పిడికెడు. వారము నిండినపిమ్మట దానిని గుడికి చేర్చి దేవుని సన్నిధిని కుమ్మరింతుము. మా యమ్మ ఈ వాడుకను నాకు నేర్పునప్పుడు ఒక నియమమును గట్టిగా చెప్పెను. బస్తాలోనుండి వేఱుగా తీయరాదు. తినువారికని కొలిచినదానిలోనుండియే తీయవలెను. అనగా ఇంటిల్లిపాదియు తలకొక్క ముద్ద తక్కువగా భుజింపవలెను. అట్లు గానిచో అది బస్తా చేసిన దానమే గాని మనము చేసినది గాదని ఆమె యభిప్రాయము. ఈ యాచారము మన తెలుగుసీమలోనే గాక, దూరముననున్న మిజోరము కొండలలోను గలదు. అచ్చటి స్త్రీలు 1910లో ఆరంభించిన పిడికెటి బియ్యపు కానుక నేడు ఏటేట కోట్ల రూపాయలగుచున్నదని మావారు పత్రికలో చదివి వినిపించిరి.

నిరుడు శ్రావణమాసమునుండి మావారి జీతము నిలిచిపోయెను. ఆయన యుపాధ్యాయుడుగా నున్న పాఠశాల పేరును, జీతము నిలుచుటకు గల కారణములును ఇచ్చట అప్రస్తుతములు. ఇంటిలో నలుగురము. మొదటి మాసము గడచెను. రెండవ మాసమున నేను పిడికిలిని కొంచెము వదులుగా పట్టితిని. మూడవ మాసమున మంచి బియ్యమునకు మాఱుగా నూకలు వేసితిని. ఆ నూకలను గుడిలో కుమ్మరించునప్పుడు ప్రక్కనున్నవారు చూచిరేమో యని నాకు తోచి, మఱునాడు డబ్బాను కడిగి బోర్లించితిని. పుష్యమాసమున జీతము మరల వచ్చుట మొదలిడినను డబ్బాను మాత్రము నేను నిలువబెట్టలేదు. వాడుక యొకసారి తప్పినచో మనస్సునకు నెపములు వెదకి తెచ్చుకొనుట సులభము. అప్పులు తీఱవలెనంటిని, పిల్లవానికి చెప్పులు కొనవలెనంటిని.

ఆ దినములలో జరిగిన మఱియొక సంగతియు చెప్పవలెను. మా పొరుగింటి పెద్దమ్మ మా మతస్థురాలు గాదు. వారి పెరటిలో తులసికోట కలదు. ఆమె యొకనాటి సాయంకాలము కొంగుచాటున గిన్నెతో రెండు సోలల బియ్యము తెచ్చి, గుమ్మమున నిలిచి, “మా యింట క్రొత్తబియ్యము దంచిరి, రుచి చూతురని తెచ్చితిని” అనెను. అది క్రొత్తబియ్యము వచ్చు కాలము గాదు. ఆమె మాటలోని మర్యాద నాకు తెలియకపోలేదు. అయినను “మాకు నిండుగా నున్నవి పెద్దమ్మా, పాడగును” అని చెప్పి త్రిప్పి పంపితిని. ఆ రాత్రి మేము గోధుమరవ్వ జావ కాచుకొని త్రాగితిమి.

ఇట్లుండగా మా వదినగారు, అనగా మావారి అక్కగారు, కోతపండుగకు రమ్మని కబురంపిరి. వారి పెనిమిటి పల్లెలో ఉపదేశిగా చిరకాలము పనిచేసి మూడేండ్ల క్రిందట ప్రభువునందు నిద్రించిరి. వదినగారు అచ్చటనే యుండి స్త్రీల కూటమును నడుపుచున్నారు. మావారికి సెలవు దొరకలేదు. నేనును, తొమ్మిదేండ్ల మా అమ్మాయియు బయలుదేరితిమి.

విజయవాడ దాటగనే కొండపల్లి కొండలు కుడియెడమల కనిపించి వెనుకబడును. మధిర, ఖమ్మము మీదుగా బండి పోవుచుండగా ఇరుప్రక్కల మిరపతోటలు. మాఘమాసము గదా, కోసిన మిరపకాయలను కల్లములలో ఆరబోసియుండిరి. దూరమునుండి చూచినచో నేలపై ఎఱ్ఱని తివాసులు పఱచినట్లుండెను గాని, గాలి మావైపు తిరిగినప్పుడెల్ల పెట్టెలోనివారందఱును దగ్గుచుండిరి. ఖమ్మము సమీపమున మున్నేరును దాటితిమి. ఏటిలో నీరు సన్నని పాయగా నుండెను. వరికోతలు ముగిసిన మళ్లలో కొంగలు తిరుగుచుండెను.

డోర్నకల్లు రైళ్ల కూడలి. కొత్తగూడెపు బొగ్గుగనుల వైపునకు చీలిపోవు దారి ఇచ్చటనే యున్నది. ఊరు పెద్దది గాదు. కాని ఈ ఊరి పేరు క్రైస్తవలోకమున దూరదేశములవారికిని తెలియును. దానికి కారణము బిషప్పు అజరయ్యగారు. వారు తెలుగువారు గారు. 1874లో తిరునెల్వేలి సీమలోని యొక పల్లెలో జన్మించిరి. ఆ సీమయందలి క్రైస్తవులు 1903లో తమలో తాము ఒక సంఘముగా నేర్పడి, పరదేశీయుల ధనము నాశింపక, తమ చందాలతోనే పొరుగు భాషవారికి సువార్త పంపవలెనని నిశ్చయించుకొనిరి. వారు తమ పనికి ఎన్నుకొన్న తావు నాటి నిజాము రాజ్యములోని ఈ డోర్నకల్లు. ఆ సంఘమును స్థాపించినవారిలో నొకరగు అజరయ్యగారు 1909లో మంచి యుద్యోగమును విడిచి, గురువుగా అభిషేకము పొంది, తామే ఇచ్చటికి వచ్చిరి. తెలుగు నేర్చుకొనిరి. మొదట గుడారములో కాపురముండిరని పెద్దలు చెప్పుదురు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో వారికి బిషప్పు పదవి లభించెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన భారతీయులలో మొదటివారు వారే. 1945 జనవరి 1వ తేదీన మరణించువఱకు వారి నివాసము డోర్నకల్లే.

ఆ కాలమున ఈ ప్రాంతమున క్రైస్తవులైనవారిలో బహుజనులు మాల మాదిగ పేటలవారు. పరుల పొలములలో పాటుపడి కూలిగింజలు తెచ్చుకొనువారు. వారియొద్దనుండి కానుక పుచ్చుకొనుట న్యాయమా యని అనేకులకు సందేహము. అజరయ్యగారికి ఆ సందేహము లేకుండెను. ఎంతటి పేదయైనను తన పంటలో, తన కూలిలో, తన కుండలో కొంత దేవునికి వేఱుపఱుపవలెనని వారు ఊరూర బండిమీద తిరిగి బోధించిరి. దానినిగూర్చి గ్రంథమును వ్రాసిరి. అంతేగాక, బాప్తిస్మము పొందినవారిచేత తలపై చేయి పెట్టించి, తాము పొందినదానిని ఇతరులకు చెప్పకున్నచో తమకు శ్రమయని పలికించుచుండెడివారు. నిన్నటివఱకు ఎవరును లెక్కచేయని కూలివాడు తనయొద్ద లోకమునకు ఇయ్యదగినది యొకటి కలదని నలుగురిలో పలుకుట ఎట్టిదో ఆలోచింపుడు. అయితే, నిజము చెప్పవలెనన్న, పేదలను అడుగుట తగునను మాటను నేను డోర్నకల్లు చేరునాటికి ఒప్పుకొనియుండలేదు. అడిగించుకొనలేక డబ్బా బోర్లించినదానను గదా!

స్టేషనునుండి తిన్నగా పెద్దగుడిని చూడబోతిమి. ఈ దేవాలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడెను. తూర్పుదేశపు జ్ఞానులు కానుకలతో వచ్చి శిశువును దర్శించిన పండుగదినమది. దేవాలయమునకును ప్రభువు ప్రత్యక్షతయను ఆ పండుగ పేరే పెట్టిరి. నేను బందరులోను, గుంటూరులోను చూచిన గుడులు సీమదేశపు పోకడలవి. ఇది అట్టిది గాదు. గుమ్మటములును మీనారులును చూచి మా అమ్మాయి “అమ్మా, ఇది మసీదా?” అనెను. లోపల ప్రవేశింపగనే రాతిస్తంభములు వరుసగా నిలిచి ఏదో కోవెలలోని మంటపమున నున్నట్లు తోచెను. సిలువ యుండుటచేత గుడియని తెలియును. హిందువుల శిల్పమును, తురకల శిల్పమును ఒకచోట చేర్చి ఇట్లు కట్టుట బిషప్పుగారి సంకల్పమేయట. ఈ నేలపై పుట్టినదంతయు కానుకగా తేవచ్చునను భావము నాకు ఆ స్తంభముల నడుమ తోచెను. రాయి చల్లగా నుండెను. అమ్మాయి చెప్పులు విడిచి అరకాళ్లు ఆనించుకొని చాలసేపు కదలలేదు. వారి సమాధియు ఆవరణలోనే యున్నది. పెద్ద ఆడంబరమేమియు లేదు.

అచ్చటనుండి ఆటోలో పల్లె చేరితిమి. దారిలో కోసిన మళ్లను చూచుచు, ఆటోలో మాతోబాటు వచ్చిన యొక వృద్ధుడు “ఇప్పుడు పరిగె లేదమ్మా” అనెను. వరికోత యంత్రములు వచ్చినపిమ్మట పంట యొకటి రెండు గంటలలో కోసి, నూర్చి, ధాన్యము సంచులకెత్తుటయు జరిగిపోవును. వెన్నులు ఏఱుకొనుటకు వెనుక నడచువారికి చేతికందునది స్వల్పము. నాకు రూతు జ్ఞప్తికి వచ్చెను. పొలపు అంచులవఱకు కోయరాదనియు, మఱచిపోయిన పనకొఱకు తిరిగి పోరాదనియు, అవి పరదేశికిని విధవరాలికిని విడువవలెననియు మోషే ధర్మశాస్త్రము విధించినది గదా. యంత్రమునకు మఱపు లేదు. మనుష్యులు అప్పుడప్పుడు మఱచుటలో ఎందఱి భోజనము దాగియుండెనో నాకు మున్నెన్నడును తోచలేదు.

మఱునాడు శనివారము. కోతపండుగకు ముందునాడు ఇంటింటికి పోయి పిడికెటి బియ్యము ప్రోగుచేయుట వదినగారి పని. ఒక రేకుడబ్బాను నా చేతికిచ్చి, తాము గోనెసంచి పట్టుకొని బయలుదేరిరి. మా అమ్మాయియు వెంట వచ్చెను. ఒకయింట సన్నబియ్యము, ఒకయింట దొడ్డుబియ్యము, చాల యిండ్లలో రేషను బియ్యము. ఒకరు ఉప్పుడుబియ్యము వేసిరి. అన్నియు ఒక డబ్బాలోనే. ఈ కలగలుపు బియ్యమును వండుట యెట్టి పనియో వంటయింటి సోదరీమణులు ఊహింపగలరు. సన్నము మెత్తబడి గంజియగునప్పటికి దొడ్డు ఇంకను పలుకుగా నుండును. “ఇది ఎవరు తిందురు?” అని అడిగితిని. ఆదివారము ఆరాధన ముగిసినపిమ్మట కొంత తక్కువ వెలకు అమ్మి ఆ సొమ్మును గుడిఖర్చులకు చేర్తురనియు, కొంత ఊరిలో దిక్కులేని నలుగురికి పంచుదురనియు వదినగారు చెప్పిరి.

పేట చివర చెఱువుకట్ట క్రింద ఒక రేకులపాక యుండెను. అందులో ఒంటరిగా నివసించు అవ్వ ఆ నలుగురిలో నొకతె. వారమునకు రెండు కిలోల బియ్యము ఆమెకు వదినగారే చేర్చుదురు. ఆ సంగతి విని, ఆ పాకను దాటి వెనుకకు మరలుదుమని నేను తలచితిని. వదినగారు తలుపు ముందు నిలిచి “పిడికెడు బియ్యమవ్వా!” అని పిలిచిరి.

నాకు మనస్సు చివుక్కుమనెను. మెల్లగా “ఇదేమి వదినా, మన మిచ్చినదానినే మరల అడుగుటయా?” అంటిని. అవ్వ లోపలినుండి వచ్చుటకు కొంత సేపు పట్టెను. కీళ్లవాతముచేత ఆమె వ్రేళ్లు కొక్కెములవలె వంగి బిగిసిపోయినవి. పిడికిలి పట్టుటకు రాదు. అందుచేత రెండు చేతులను చేర్చి, దోసిలితో తెచ్చి డబ్బాలో పోసెను. తక్కినయిండ్లవారు పిడికెడు వేసిరి; ఈమెది దోసెడు. కొన్ని గింజలు నేల రాలగా కూర్చుండి వానిని ఒక్కొక్కటిగా గోళ్లతో ఏఱి అవియు వేసెను. అది ముగియువఱకు వదినగారు తొందరపడక నిలిచియుండిరి. పిమ్మట అవ్వ నన్ను చూపి “ఎవరీ పిల్ల?” అని అడిగెను. తమ్ముని భార్యయని చెప్పగా, “సల్లగుండు బిడ్డా” అని ఆ వంకరవ్రేళ్లతో నా గడ్డము పట్టుకొనెను.

తిరిగి వచ్చుచు వదినగారు చెప్పిన మాటలను వారి పలుకులోనే వ్రాయుదును. “పోయినేడు కొత్తగా వచ్చిన అయ్యగారు, పాపం ముసలిది, ఆమెను అడగకండి అన్నరు. సరే అని మూడు వారాలు వదిలేసినం. నాలుగో ఆదివారం అవ్వ గుడికి రాలేదు. జ్వరమేమోనని పోయి చూస్తే కోపంగ కూర్చున్నది. ‘నేను చచ్చిననుకున్నరా, నా గుమ్మం దాటి పోతున్నరు?’ అన్నది. బియ్యం ఇయ్యపోయినా ఊరుకునేదే, అడగకపోతే ఊరుకోలేదు.” ఆ అయ్యగారు మంచివారేననియు, మఱునాడే తాము వెళ్లి అవ్వను పిడికెడు అడిగి తెచ్చిరనియు కూడ వదినగారు చెప్పిరి.

ఇంతలో మా అమ్మాయి, పిల్లల స్వభావము చొప్పున, “అత్తా, మా ఇంట్లో డబ్బా ఖాళీ. అమ్మ బోర్లించేసింది” అనెను. నేను తలవంచుకొని నడచితిని. వదినగారు వినియు విననట్లు ఊరకుండిరి. ఆ రాత్రి వంటవేళ మాత్రము సోలను నా చేతికిచ్చి “నీవు కొలువుము” అనిరి. కొలిచి, పిడికెడు తీసి, గూటిలోని డబ్బాలో వేసితిని. కొన్ని మాసములకు మా అమ్మ చెప్పిన పిడికిలి మరల పట్టితిని. అప్పుడు పొయ్యి యెదుట కూర్చుండి జీతము సంగతియు, నూకల సంగతియు, పొరుగింటి పెద్దమ్మ బియ్యమును త్రిప్పి పంపిన సంగతియు అన్నియు చెప్పితిని. వదినగారు “ఆమె మరల మీ గుమ్మము త్రొక్కెనా?” అని మాత్రమడిగిరి. లేదంటిని. వారేమియు పలుకక కఱ్ఱను పొయ్యిలోనికి త్రోసిరి.

నిద్రపట్టక చాలసేపు ఆలోచించితిని. మా తాతగారు మిషను పాఠశాలలో తెలుగు మున్షీ. నా చదువంతయు వారియొద్ద ఇంటనే జరిగెను. ప్రొద్దుట బైబిలు, సాయంకాలము పోతనగారి భాగవతము. అందు నవమస్కంధములోని రంతిదేవుని కథ వారికి మిక్కిలి ప్రీతి. 48 దినములు అన్నపానములు లేక, తుదకు దొరికిన యాహారమును భుజింపబోవునప్పుడు అతిథులు ఒకరివెంట నొకరు రాగా, వారందఱికిని పెట్టి, మిగిలిన నీళ్లను సైతము దప్పిగొని వచ్చిన చండాలునకు ధారపోసిన మహారాజు. దానికి సాటిగా తాతగారు సారెపతు విధవరాలి కథ చెప్పెడివారు. కఱవుకాలమున తొట్టిలో పట్టెడు పిండియు, బుడ్డిలో కొంచెము నూనెయు మాత్రము మిగిలి, కొడుకును తానును తిని చావనెంచిన యా స్త్రీయొద్దకు ఏలీయా ప్రవక్త వచ్చి, మొదట తనకొక అప్పము చేసి తెమ్మనెను. చిన్ననాట నాకు రంతిదేవునిపై ఎంత గౌరవమో ఈ ప్రవక్తపై అంత కోపము. ఆకలిగొన్న విధవరాలిని అడుగుటకు నోరెట్లాడెనని తాతగారితో వాదించితిని. వారు నవ్వి, పెద్దదాన వైనపిమ్మట చూతువు గాని యనిరి. రంతిదేవుడు రాజు, ఇచ్చుట ఆయనకు వాడుకయే. ఆ విధవరాలియొద్దకు మాత్రము, ఇయ్యదగినది నీయొద్ద కలదని చెప్పుటకు ఎవరో ఒకరు రావలసి యుండెను. ప్రవక్త ఆకలిగొనియే యుండెను. ఆమె పెట్టినదే ఆయన తినెను. ఆ ఇంట పుచ్చుకొనువాడును దీనుడే యని నాకు ఆ రాత్రివఱకు తట్టలేదు.

ఆదివారము తెల్లవాఱకముందే గుడి యలంకారము మొదలయ్యెను. గుమ్మమునకు మామిడితోరణములు, ఇరుప్రక్కల చెఱకుగడలు, బల్లపై వరికంకుల కుచ్చులు. ఆరాధన నడుమ కానుకలు తెచ్చు వేళ రాగా వాకిటినుండి బల్లవఱకు వరుస సాగెను. ధాన్యపు గంపలు, పెసలు, కందులు, మొక్కజొన్న కంకులు, ఎండుమిరపకాయలు, బుట్టెడు వంకాయలు, గుమ్మడికాయలు, కోడిగ్రుడ్లు, ఒక మేకపిల్ల. పొలము లేనివారు మిరపకోత కూలిలో ఒక దినపు కూలిని కవరులో పెట్టి తెచ్చిరి. ఆటో నడుపు యువకుడు శనివారపు మొదటి బాడుగను తెచ్చెను. కుట్టుపని చేయు పిల్ల బల్లమీదికి తానే కుట్టిన గుడ్డ తెచ్చి పఱచెను. కాళ్లు కట్టిన కోళ్లు మూడు బల్లక్రింద కూర్చుండి ప్రసంగమంతటను అరచుచునే యుండెను. అయ్యగారు రెండుసార్లు ఆగి నవ్వి మరల చెప్పవలసివచ్చెను. మా డబ్బాలోని కలగలుపు బియ్యమును వదినగారు పెద్ద తట్టలో కుమ్మరించిరి. అందులో అవ్వది ఏదో, ఎవరిది ఏదో తెలియలేదు.

ఆరాధన పిమ్మట చింతచెట్టు క్రింద వేలము. దీనినిగూర్చి నా యభిప్రాయము దాచను. ఒక కోడిగ్రుడ్డును పాడినవారు మరల గుడికే ఇచ్చివేయగా, అది నాలుగు చేతులు మాఱి 10 రూపాయల గ్రుడ్డు 260 రూపాయలు తెచ్చెను, అందఱును నవ్విరి, అది ముచ్చటగానే యుండెను. కాని ఒక టెంకాయకొఱకు ఇద్దఱు పెద్దమనుష్యులు ఒకరిపై నొకరు పంతమునకు పోయి, కండువాలు దులుపుకొనుచు, పాట పెంచిన తీరు నాకు నచ్చలేదు. ఆ టెంకాయ 3,000 రూపాయలకు పోయెను. గుడికి సొమ్ము చేరెను, నిజమే. అయితే ఆ సమయమున మిరపకూలి కవరు తెచ్చిన స్త్రీలు చెట్టు వెనుక దూరముగా నిలిచి చూచుచుండిరి. వేలము మానిపించుడని నేను వదినగారితో అంటిని. “మానిపిస్తే గుడి కప్పు ఎవరు వేయిస్తరు, నీవా?” అనిరి. నాకు సమాధానము తోచలేదు. అభిప్రాయమును మాత్రము మార్చుకొనలేదు.

నేను ఒక గుమ్మడికాయను 120 రూపాయలకు పాడి పుచ్చుకొంటిని. ఊరిలో నలువురికి వడ్డించిన విందుభోజనమున ఆ కలగలుపు బియ్యమునే కొంత వండిరి. సన్నము చిదికియు, దొడ్డు పలుకుగాను, నే ననుకొన్నట్లే యుండెను. పచ్చిపులుసుతో కలుపుకొని, అవ్వ ప్రక్కను కూర్చుండి, రెండవసారి పెట్టించుకొని తింటిని. ఆమె ముద్ద కలుపలేదు గాన వదినగారి చిన్నకూతురు కలిపి చేతికందించుచుండెను.

సోమవారము తిరుగు ప్రయాణము. గుమ్మడికాయ మా అమ్మాయి ఒడిలో కూర్చుండి విజయవాడవఱకు వచ్చెను. పెట్టెలోనివారు దాని వెల యడిగి, 120 రూపాయలని విని, మమ్ము అమాయకులనుగా తలచి జాలిపడిరి. ఇల్లు చేరగనే డబ్బాను కడిగి, ఎండబెట్టి, ఉప్పుజాడీ ప్రక్కను నిలువబెట్టితిని. మావారు చూచి ఏమియు అనలేదు. ఆ రాత్రి మారు వడ్డింపబోగా చాలునని చేయి అడ్డము పెట్టిరి.

మఱునాడు ప్రొద్దుట గుమ్మడికాయను రెండుగా కోసి, సగమును గిన్నెలో పెట్టుకొని పొరుగింటికి పోయితిని. పెద్దమ్మ తులసికోటకు నీళ్లు పోయుచుండెను. ఏమని చెప్పవలెనో దారిపొడుగున కూర్చుకొన్న మాటలు అక్కఱకు రాలేదు. “నాడు మా యింట బియ్యము లేవు పెద్దమ్మా, అబద్ధమాడితిని” అని మాత్రమంటిని. ఆమె “తెలుసులే” అని చెంబు క్రింద పెట్టి, గిన్నె నందుకొని, గుమ్మడిముక్కను వ్రేలితో తట్టి చూచి, “దప్పళమునకు బాగుండును” అనుచు లోపలికి పోయెను.

వట్టి గిన్నెను త్రిప్పి పంపుట ఆ యింటి ఆచారము గాదు. అందుచేత ఇది వ్రాయునాటికి గిన్నె ఇంకను వారింటనే యున్నది. నేను అడుగలేదు.